మొదటి డికాక్షన్

మా ఇంట్లో మొదటి డికాక్షన్ అతిథులకు. అదే పొడి మీద రెండోసారి నీళ్ళు పోస్తే దిగేది ఇంటివాళ్ళకు, అంటే నాకు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో సుశీల ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇది అన్యాయమని నిరూపించగలను. కానీ నిరూపించి ఏం లాభం? ఫిల్టర్ ఆవిడ చేతిలో ఉంటుంది.

సుశీలది మదనపల్లె. నర్సుగా బెంగళూరు వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఇరవై ఆరేళ్ళుగా మా చర్చి తెలుగు పాటల బృందాన్ని నడుపుతోంది. ప్రతి శనివారం సాయంత్రం ప్రాక్టీసు బెళ్ళందూరులో మా ఇంట్లోనే. పిల్లలు రాగానే పొగలు కక్కే కాఫీ, ఆ తర్వాత పాట. వేడి కాఫీ గొంతు విప్పుతుందని ఆవిడ నమ్మకం. ఐసు ముట్టినట్టు తెలిస్తే ఆ వారం వాళ్ళకు సోలో ఇవ్వదు.

పిల్లలంటే నిజంగా పిల్లలు కారు. ఎనిమిది మందీ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళే. మాకు సంతానం లేదు కాబట్టి మాకు వాళ్ళే పిల్లలు.

ఏప్రిల్ మొదటి శనివారం పాట అయ్యాక వాళ్ళలో స్టాన్లీ అనేవాడు నసిగాడు.

"ఆంటీ, నెక్స్ట్ మంత్ నుంచి ప్రాక్టీస్ చర్చి హాల్లో పెట్టుకుందామా? పక్కనే కేఫ్ ఉంది. ఈ హీట్‌లో హాట్ కాఫీ కష్టంగా ఉంది. అక్కడైతే ఐస్‌డ్ ఎస్ప్రెసో దొరుకుతుంది."

పక్కనున్న చాందిని తన వేలి ఉంగరం తిప్పుకుంటూ కూర్చుంది.

"మీ ఇష్టమప్పా" అంది సుశీల.

మా ఇంట్లో ఆ మాటకు అర్థం ఇష్టం లేదనే. పాపం, వాళ్ళకేం తెలుసు?

వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడుగుతూ ఆవిడ నా వైపు తిరగకుండానే అంది.

"వాళ్ళు రాకపోతే ఈ ఇంట్లో ఏముండాదండీ? మీరు, నేను, ఆ ఫ్యాను."

నేను లేచి ఫ్యాను ఆపేశాను. చెమట పట్టింది, మళ్ళీ వేశాను.

సోమవారం సుశీల ఇస్త్రీ చీర కట్టుకుని నన్ను ఆ కేఫ్‌కు లాక్కెళ్ళింది. స్టాన్లీ చెప్పిన ఐస్‌డ్ ఎస్ప్రెసో అంటే గాజు గ్లాసులో కింద పాలు, ఐసు, పైన నల్లటి కాఫీ. ఆ నల్లటి కాఫీని మాత్రం విడిగా కాస్త ఇమ్మని అడిగి, చిన్న కప్పులో తెప్పించుకుంది. మందు సీసా మూత తీసి వాసన చూసినట్టు చూసి, ఒక్క గుక్క తాగింది.

"ఇది మన మొదటి డికాక్షన్ మాదిరే ఉండాది గదండీ. దీనికి ఇంత పేరెందుకు?"

ఆ వారమంతా మా వంటిల్లు ప్రయోగశాల. తొలిరోజు వేడి డికాక్షన్‌ను నేరుగా ఐసు మీద పోసింది. ఐసంతా కరిగి పలచటి నీళ్ళయింది. నాకు మాత్రం కొత్తగా ఏమీ అనిపించలేదు, నా రోజువారీ కాఫీ చల్లబడినట్టుంది. ఆ మాట పైకి అన్నందుకు ఆ పూట నాకు అదీ దక్కలేదు.

రెండోరోజు డికాక్షన్ చల్లార్చే పోసింది కానీ, చక్కెర కరగక అడుగున కూర్చుంది. పైన మీగడ తునకలు తేలాయి. పచ్చిపాలు ఈ ఇంటి గడప తొక్కవు. ప్యాకెట్ పాలైనా సరే మూడు పొంగులు రావాల్సిందే, చల్లారాక మీగడ కట్టాల్సిందే. నాకు తెలిసి కేఫ్ వెతుక్కుంటూ పోయి మీగడ తునకలు నమిలేవాడు ఎవడూ ఉండడు. నేను నమిలాను.

గురువారానికి దారి దొరికింది. డికాక్షన్ వేడిగా ఉండగానే చక్కెర కలిపింది. సగం ఫ్రిజ్‌లో చల్లబరిచి, సగం ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించింది. నీళ్ళ ఐసే లేకపోతే పలచబడే బాధే లేదు. పాలను పలచటి గుడ్డలో వడకట్టింది. మా పెళ్ళికి ఎవరో ఇచ్చిన గాజు గ్లాసులు షోకేసులోంచి తొలిసారి బయటికొచ్చాయి.

శనివారం ఎనిమిది మందీ వచ్చారు. బల్ల మీద వేడి కాఫీ లేదు, గోరువెచ్చని నీళ్ళున్నాయి. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు.

"ముందు పాట. ఐసు తర్వాత" అంది సుశీల.

ఆమె నోట ఐసు అన్న మాట విని స్టాన్లీ పాట పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు. ఆ రోజు పాట ఎంత బాగా వచ్చిందంటే, ఎదురింటి వాళ్ళు బాల్కనీలోకి వచ్చి నిలబడ్డారు.

తర్వాత గ్లాసుల్లో నల్లటి గడ్డలు వేసి, పాలు పోసి, పైనుంచి చల్లటి డికాక్షన్ నెమ్మదిగా వంచింది. అది పాలలోకి మెలికలు తిరుగుతూ దిగుతుంటే అందరూ ఫోన్లు తీశారు. వాళ్ళు తాగుతుంటే సుశీల కొంగు చివర పిండుతూ నిలబడింది.

"ఆంటీ, హాల్ వద్దులే. నేను క్యాన్సిల్ చేసేస్తా" అన్నాడు స్టాన్లీ, గ్లాసులోంచి తలెత్తకుండానే.

ఈలోగా చాందిని లేచి, ఎవరినీ అడగకుండా వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ తలుపు తీసి, మిగిలిన ట్రే పట్టుకొచ్చింది. ఈ ఇంట్లో ఆ ఫ్రిజ్ తెరవాలంటే నేనే అనుమతి తీసుకుంటాను. తిట్లు పడతాయని ఎదురుచూశాను. సుశీల కళ్ళు తుడుచుకుని వాళ్ళకు మరో గ్లాసు కలిపింది.

అందరూ వెళ్ళాక వంటింట్లో నా వంతు రెండో డికాక్షన్ కోసం నిలబడ్డాను. ఆవిడ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనక దాచిన గాజు గ్లాసు తీసి నా చేతికిచ్చింది. చిక్కగా, నల్లగా ఉంది.

"ఇది మొదటిది కదా, అతిథులది" అన్నాను.

"అతిథులెక్కడుండారండీ? వాళ్ళే ఫ్రిజ్ తెరుచుకుంటా ఉండారు. ఇంటోళ్ళయిపోయినారు. వచ్చే వారం నుంచి వాళ్ళకూ రెండోదే."

"మరి నాకు?"

"మీరు తాగండి ముందు, గడ్డలు కరిగిపోతాయి."