సగం బొడ్డుతాడు

అప్పాయమ్మ ఒక చేత్తో పొట్టిక్కల పొట్లం విప్పుతూ, రెండో చేత్తో ఐస్ డబ్బా మూత సరిచూసుకుంటోంది. పనస ఆకుల్లో ఉడికిన ఇడ్లీ వాసన తగలగానే రాజమండ్రిలోని ఆ ప్రసూతి ఆసుపత్రి వరండా ఆమెకి పెళ్లింటిలా అనిపించింది. అరవై దాటిన ఆయా. మోకాళ్లు వాచి ఉంటాయి, అరచేతులు ఫినాయిల్‌కి పాలిపోయి ఉంటాయి.

పక్క వీధిలోని పరిశోధనశాలకి బొడ్డుతాళ్లు తీసుకెళ్లడం కూడా ఆమె పనే. తల్లి సంతకం పెడితేనే సుమా. తాడులోని రక్తనాళం లోపొర నుంచి అక్కడ పరిశోధన చేసే దేవిశ్రీ కణాలు తీసి సీసాల్లో పెంచుతుంది. ఒంట్లో క్రిములు చేరితే రక్షణ కణాలు కబురు రసాయనాలు వదులుతాయట. అవి అందగానే నాళాల కణాలు ఒక హార్మోను తయారుచేస్తాయట. అది మితిమీరితే నాళాలు సడలి బీపీ పడిపోతుంది. దాన్ని ఎక్కడ ఆపొచ్చన్నదే దేవిశ్రీ వెతుకులాట.

అది విన్ననాడు అప్పాయమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. కూతురు చిన్ని పురిటి జ్వరంతో పోయింది. బీపీ అందడం లేదని డాక్టర్లు పరుగులు పెట్టడం ఆమెకి ఇంకా గుర్తే.

"మా చిన్నికీ ఇదే అయిందామ్మా?"

"అయ్యుండొచ్చండి. తెలీదు. అదే తెలుసుకుందామని."

నిన్న సీసాల్లో కణాలన్నీ చచ్చిపోయాయి. ఇవాళ తాడు దొరక్కపోతే, తెప్పించిన రసాయనం గడువు దాటి పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం లోపే సాయిప్రసన్న మగబిడ్డని కంది. సంతకం నిన్ననే పెట్టింది. కానీ తణుకు నుంచి వచ్చిన అత్తగారు పాపాయమ్మ పసుపు డబ్బాతో సిద్ధంగా ఉంది. తాడుకి పసుపు రాసి పొలం గట్టున పాతడం వాళ్లింటి ఆనవాయితీ. పసుపు అంటితే కణాలకి ఆ రసాయనాల కబురు సరిగా చేరదని దేవిశ్రీ ముందే చెప్పింది.

అప్పాయమ్మ వాదించలేదు. "సగం మీరు పాతుకోండి పాపాయమ్మగారూ. సగం నాకిప్పించండి."

"సగం ఊళ్లో, సగం రాజమండ్రిలోనా? నా మనవడేమైనా బస్సు కండక్టరా?"

"అయితే మంచిదేగదండి. రెండుచోట్లా అన్నం పెట్టేవాళ్లుంటారు."

మంచం మీది బాలింత ముందు నవ్వింది. పాపాయమ్మ కూడా నవ్వాపుకోలేక డబ్బా మూత పెట్టేసింది. నర్సు సగం కోసి ఉప్పునీటి సీసాలో వేశాక, మిగతా సగానికి ఆవిడ తీరిగ్గా పసుపు పట్టించింది.

అప్పాయమ్మ ఎండలో ఐస్ డబ్బాని కొంగు కింద పెట్టుకుని పరిశోధనశాలకి నడిచి, దేవిశ్రీ చేతికిచ్చింది.

"ఈసారైనా బతుకుతాయామ్మా?"

"రేపు పొద్దున తెలుస్తుందండి. ముందు మీరే చూద్దురుగాని."

దేవిశ్రీ లోపలికెళ్లింది. అప్పాయమ్మ అక్కడి వరండా బల్ల మీద కూర్చుని గోడకి తల ఆనించింది. సాయంత్రం దేవిశ్రీ పని ముగించుకుని వచ్చి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిందన్నారు, కూర్చున్నచోటే.

మర్నాడు దేవిశ్రీ సీసా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. గులాబిరంగు ద్రవం అడుగున కణాలు గుంపులు గుంపులుగా, దానిమ్మ గింజల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని, గాజుకి గట్టిగా అతుక్కుని బతికే ఉన్నాయి.