వల విసిరే ఉద్యోగం

ముత్యాలయ్య నీలిగళ్ళ చొక్కా విప్పేసి, పంచెను గోచీగా బిగించి, తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని నీళ్ళలోకి దిగాడు. పాలెంలో ఇప్పుడెవరూ ఇలా కట్టరు. అయినా పల్లె బతుకు చూడాలని దేశాలు దాటి వచ్చేవాళ్ళకు జాలరి ఇలాగే కనబడాలని రిసార్టు మేనేజరు విజయభాస్కర్ ఆజ్ఞ. చేప పడినా పడకపోయినా, వాళ్ళ ఫోటోల కోసం రోజూ వల విసరడమే ముత్యాలయ్య ఉద్యోగం.

తుఫానులో పడవ బద్దలైనప్పుడు అతని కుడికాలు విరిగింది. అది వంకరగా అతుక్కుంది. వేటకు పనికిరాకుండా పోయినవాడికి ఈ పని కూడు పెట్టింది. పాలెంవాళ్ళు మాత్రం "తెల్లోళ్ళకాడ ఆడే కోతి" అని ముఖం మీదే అన్నారు. ఒకడు నలుగురిలో చెంప పగలగొట్టాడు. ముత్యాలయ్య తిరిగి చెయ్యెత్తలేదు. ఎప్పుడూ ఎత్తినవాడు కాదు.

రిసార్టు కంచె అవతల అతని అక్క పేరమ్మ చేపలు ఎండబెడుతుంది. ఆ వాసనకు అతిథులు ముక్కు మూసుకుంటున్నారని కొన్నాళ్ళుగా గొడవ నడుస్తోంది.

ఆ ఉదయం ఒడ్డున జర్మనీ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. కంచె అవతల ట్రాక్టరు ఆగింది. గడ్డపారలతో దిగినవాళ్ళు చేపల పందిళ్ళు కూల్చి, చేపల మీద కిరోసిన్ గుమ్మరించారు. పేరమ్మ అడ్డం పడింది.

"నన్ను చంపి ముట్టుకోండిరా!"

ఒకడు ఆమెను జుట్టు పట్టి ఇసుకలో ఈడ్చాడు.

విజయభాస్కర్ నీళ్ళ అంచుకు వచ్చాడు. "అటు చూడమాక ముత్యాలూ. వల ఎయ్యి. వాళ్ళు చూస్తా ఉండారు."

"అది మా అక్క సార్."

"తర్వాత మాట్లాడదాం. ముందు నువ్వు నవ్వు."

ముత్యాలయ్య తడి వలను భుజాన వేసుకుని, కుంటుకుంటూ కంచె దాటాడు. అప్పటికి ఆ మనిషి పేరమ్మను కడుపులో తంతున్నాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని వాడి మీద పడింది. వల అంచున కట్టిన సీసపు గుళ్ళు వాడి పళ్ళు రాల్చాయి. ముత్యాలయ్య వాడి రొమ్ము మీద కూర్చుని గుద్దాడు. పిడికిలి చీలి ఎముక తేలినా ఆగలేదు. ఇన్నేళ్ళుగా మింగిన దెబ్బలన్నీ ఆ చేతిలోకి వచ్చినట్టు గుద్దాడు.

ఇదీ ప్రదర్శనే అనుకుని జర్మనీ ఆవిడ చప్పట్లు కొట్టింది. వెనకనుంచి ఇంకొకడి గడ్డపార ముత్యాలయ్య తల మీద పడింది. అప్పుడామె కేక పెట్టింది.

ఆటోలో అతని తల పేరమ్మ ఒళ్ళో ఉంది. ఆమె చీర నెత్తుటితో ముద్దయింది.

"అక్కా, ఏందీ చీకటి?"

"నెల్లూరు వచ్చేస్తాంది అబ్బయ్యా. మాట్లాడతా ఉండు."

"నీకు కడుపులో నొప్పి పుడతా ఉందా?"

"లేదయ్యా, లేదు."

విడవలూరు దాటాక అతను ఇంకేమీ అడగలేదు. పేరమ్మ మాత్రం ఆసుపత్రి గేటు దాకా అతనితో మాట్లాడుతూనే ఉంది.

సాయంత్రానికి రిసార్టు ఖాళీ అయింది. పనివాళ్ళు బట్టలు మార్చుకునే రేకుల గదిలో, మేకుకు నీలిగళ్ళ చొక్కా ఒకటి వేలాడుతోంది. తొందరలో విప్పినట్టుంది, ఒక చెయ్యి లోపలికే తిరగబడి ఉంది.