కొంగుముడిలో ఫ్యూజు

నేను ఒక పింగాణీ ఫ్యూజును. తెల్లటి ఒళ్లు, రెండు రాగి కాళ్లు, వాటి మధ్య వెంట్రుకంత సన్నటి తీగ. నన్ను మెయిన్ బాక్సులో గుచ్చితే ఇంటికి కరెంటు, పీకితే చీకటి. ఇంత అధికారం ఉన్నదాన్ని కదా, నాకు నచ్చిన చోట ఒక్కరోజైనా ఉండనిచ్చారా? బట్టీలో కాల్చారు. గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో కుక్కారు. కొట్లో పై అరలో మూడేళ్లు దుమ్ము కొట్టుకుని పడున్నాను. అక్కడినుంచి వైర్‌మన్ ఏసుబాబు సంచిలో, స్క్రూడ్రైవర్ల అడుగున.

ఆ సంచిలోంచి బయటపడి మెయిన్ బాక్సులోకి ఎక్కింది వీరవేణి కొత్త ఇంట్లో. గృహప్రవేశం రోజు పొద్దున్నే లైన్‌మన్ వచ్చి స్తంభం నుంచి మీటరుకు కరెంటు ఇచ్చి వెళ్లాడు. వైరింగు పని ఇంకా మిగిలే ఉంది. ఏసుబాబు నన్ను బాక్సులోంచి పీకి వీరవేణి చేతిలో పెట్టాడు.

"నేనొచ్చి అడిగేదాకా ఎవరికీ ఇవ్వకండమ్మా. ఎవరికీ అంటే ఎవరికీనండి."

ఏ ఇంట్లో పనిచేసినా ఫ్యూజు ఆడవాళ్ల చేతికే ఇస్తాడట. మగవాళ్లకిస్తే ఎక్కడో పెట్టి, పెట్టలేదని దెబ్బలాడతారట.

వీరవేణి నన్ను కొంగున వేసి, రెండు ముళ్లు బిగించి, నడుములో దోపుకుంది. నాకు ఊపిరాడలేదు. కనబడేది ఏమీ లేదు, వినబడేదే.

గంట తర్వాత ఆవిడ అన్నయ్య తాతబ్బాయి గొంతు వినబడింది. స్థలం ఇచ్చిందీ ఇల్లు కట్టించిందీ ఆయనే. ఆయన మాటకు వీరవేణి ఏనాడూ ఎదురు చెప్పలేదని వంటవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

"ఒసే వేణీ, ఫ్యూజు ఇలా తే. తొమ్మిదింబావుకి లైటు వెయ్యాలన్నారు పంతులుగారు."

"ఏసుబాబు అడగాలన్నయ్యా."

"నిచ్చెన దిగిపోయాడే. ఖాళీగా ఉంది, చూడు."

"పనైతే తనే వచ్చి అడుగుతాడు."

"అంటే నా మాటకంటే ఆడి మాట ఎక్కువైపోయిందా నీకు? చుట్టాలంతా చూస్తన్నారు. ఇయ్యకపోతే నేనిప్పుడే వెళ్లిపోతాను."

ముడి మీద వీరవేణి గుప్పిట బిగిసింది. నా కాళ్లు ఆవిడ అరచేతిలో గుచ్చుకుంటున్నాయి. అరవడానికి నాకు నోరు లేదు, ఆవిడకు ఉండీ పెగలదు. ఇద్దరం ఒకే ముడిలో ఇరుక్కున్నాం.

తొమ్మిదింబావు దాటిపోయింది. ఎవరో గొణిగారు. అప్పుడు పెరటి వైపు నుంచి అడుగుల చప్పుడు.

"అయిపోయిందండి. ఇవ్వండమ్మా," అన్నాడు ఏసుబాబు.

"ఇందాకట్నుంచీ ఎక్కడున్నావయ్యా?" అన్నాడు తాతబ్బాయి.

"పెరట్లో మోటారు దగ్గరండి. ఒలిచిన తీగలు ఈ చేత్తోనే పట్టుకుని కలుపుతున్నానండి. కాళ్లకింద తడి కూడానండి."

వీరవేణి వేళ్లకు ముడి రాలేదు. పంటితో లాగి విప్పింది.

ఏసుబాబు నన్ను బాక్సులో గుచ్చి మూత బిగించాడు. లైటు వెలిగిందట, అందరూ చప్పట్లు కొట్టారు. నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు. నా ఒంట్లోంచే వెళ్లే కరెంటు ఎక్కడో వెలుగవుతుందట. నాకు మిగిలింది ఈ ఇనప డబ్బా.

ఆ మధ్యాహ్నం విస్తళ్లు వేస్తుంటే మాత్రం, మూత సందులోంచి తాతబ్బాయి గొంతు వినబడింది.

"వేణీ, ముందు ఏసుబాబుకి వడ్డించు. నేను ఆయన పక్కన కూర్చుంటాను."