మంచె మీద మూడడుగులు

పన్నెండేళ్ల పాటు మేనమామ నాటక సమాజంలో లైట్లు వేసినవాడతను. మామ నేర్పిన విద్య ఒక్కటే. "కాగితం చూడకురా, మనిషిని చూడు. వాడు కదిలితే నువ్వు కదులు." దేశంకాని దేశంలో పెద్ద థియేటరులో ఉద్యోగం దొరికితే ఆ విద్యే అన్నం పెడుతుందనుకున్నాడు పిచ్చి మహరాజు. పెట్టలేదు సరికదా, మెడకు చుట్టుకుంది.

ఇక్కడి పద్ధతి వేరు. తెర పక్కన ఒకావిడ నాటకం పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. పిలుపులావిడ అందాం. పైన గాజు గదిలో ఉన్న ఇతని చెవిలో ఆమె "సిద్ధం" అంటే వేలు మీట మీద పెట్టాలి. "వెయ్" అంటే నొక్కాలి. ఆ రెండు మాటల మధ్య, ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరూ నోరు మెదపకూడదు.

నాటకంలో తాత వేషం వేసే ముసలాయనకు నిజంగానే డెబ్బై దాటాయి. మనిషెత్తు చెక్క మంచె అంచున నిలబడి ఆఖరి మాట చెప్పి, వెనక్కి తిరిగి, మూడడుగులు వేసి కమ్మీ పట్టుకోవాలి. అప్పుడు డప్పు దెబ్బ, దాంతోపాటే చీకటి. మొదట్లో అంతా సరిగ్గానే కుదిరింది. నెల తిరిగేసరికి ముసలాయన మోకాళ్లు మొరాయించాయి. ఆయన అంచు దగ్గరే తిరగలేక తిరుగుతుంటే డప్పు మోగేస్తోంది.

ఇతనికి పాత బుద్ధి పోతుందా? ఓ రోజు ఆయన కమ్మీ పట్టుకునే దాకా లైటు ఆర్పకుండా ఉంచాడు. ఆట అయ్యాక ముసలాయన నడవాలో ఎదురై భుజం తట్టాడు.

"పైన నువ్వున్నావు నాయనా, ఇక నాకు భయం లేదు."

ఆ భాష సగమే వచ్చినా ఆ మాట పూర్తిగా అర్థమైంది. ఇంటికెళ్లేదాకా ఒళ్లంతా సంతోషమే.

మర్నాడే మొదటి హెచ్చరిక చేతిలో పెట్టారు, పిలుపు దాటాడని. ఇంకోసారి అంచు మీద ముసలాయన తూలినట్టనిపించి మైకులో "ఆగండి!" అని అరిచాడు. డప్పు ఆగింది, ఆట తడబడింది. తీరా చూస్తే ముసలాయన కమ్మీ పట్టుకుని నిక్షేపంగా నిలబడి ఉన్నాడు! లేని ప్రమాదానికి ప్రదర్శన ఆపాడని రెండో హెచ్చరిక. మూడోది వస్తే ఒప్పందం పొడిగించేది లేదని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు. ఆ పొడిగింపు కాగితం ఉంటేనే భార్యకూ బిడ్డకూ ఇక్కడికొచ్చే వీలు.

"నాన్నేడే అంటే ఫోను చూపిస్తోందండీ పిల్లది," అంది ఫోనులో భార్య. "ఆ కాగితం ఎప్పుడొస్తుంది?"

"వచ్చేస్తుందిలే," అన్నాడు.

ఈ ఉద్యోగం ఇప్పించింది సెట్లు కట్టే వడ్రంగి. ఆ థియేటరులో తెలుగు మాట వినిపించే నోరు ఆయనదొక్కటే. చెవులు మెలిపెట్టినంత పని చేశాడు.

"ఇదేమన్నా మీ మామ కంపెనీ అనుకున్నావా? నోరు మూసుకుని నొక్కు."

"ముసలాయన పడితేనో అన్నా?"

"ముందు ఆయనకు చెప్పు. లైటు ఇక ఆగదని చెప్పు."

చెప్పాలి. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ నమ్మిన మనిషి దగ్గర, నేను ఉద్యోగానికి భయపడుతున్నాను, నన్ను నమ్ముకోకండి అని ఏ మొహంతో చెబుతాడు? ఇవాళ, రేపు అని నాన్చాడు. ఆ కొద్ది రోజులూ ముసలాయన ఎలాగో డప్పు మోగేలోపే కమ్మీ అందుకున్నాడు. తిట్టుకోండి, నేనూ తిట్టుకుంటూనే చెబుతున్నాను.

శనివారం మధ్యాహ్నం ఆట. ముసలాయన ఆఖరి మాట చెప్పి, అసలు తొందరే లేనట్టు నిదానంగా తిరగబోయాడు. కుడికాలు ఇంకా అంచు మీదే ఉంది.

"సిద్ధం," అంది చెవిలో పిలుపులావిడ.

అరవాలా? అరిచాక మళ్లీ ఏమీ కాకపోతే? వేలు మీట మీద పెట్టాడు.

"వెయ్."

నొక్కాడు. డప్పు మోగింది. ఆ చీకట్లో డప్పు కాని చప్పుడు ఇంకొకటి వినిపించింది. జనం అదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు.

విచారణ మూడు రోజుల్లో తేలిపోయింది. పిలుపు సరిగ్గానే ఉంది, మీట సరిగ్గానే నొక్కారు, నటుడే ఆలస్యమయ్యాడు అని రాశారు. "ఆయన అంచు మీదున్నట్టు మీకు కనిపించిందా?" అని ఇతన్ని అడిగారు. లేదన్నాడు. పై వారం పొడిగింపు కాగితం వచ్చింది. క్రమశిక్షణ మెరుగుపడిందని అందులో ఒక ముక్క మెచ్చుకున్నారు కూడా. ఫోనులో భార్య ఏడ్చినంత పని చేసింది సంతోషంతో. ఇతను ఏడ్చాడు, ఆవిడ అదీ సంతోషమే అనుకుంది.

ముసలాయన ఇక నడవడని డాక్టర్లు తేల్చేశాక ఆసుపత్రికి వెళ్లాడు. ఆయన మంచం మీంచే చెయ్యి చాపి ఇతని చెయ్యి పట్టుకున్నాడు.

"నాదే తప్పు నాయనా, బద్ధకించాను. నావల్ల నీకు మాటేమీ రాలేదు కదా?"

ఇక తట్టుకోలేకపోయాడు. వచ్చీరాని భాషలో కక్కేశాడు. "నాకు కనిపించింది. మీరు అంచు మీదున్నారని చూసే నొక్కాను."

"ఎందుకు?"

"నా భార్యా, పిల్లా రావాలి. కాగితం ఆగిపోతుందని భయపడ్డాను."

ముసలాయన చూపు పైకప్పు కేసి మళ్లించాడు.

"వచ్చిందా కాగితం?"

"వచ్చిందండి."

"పిల్లకెన్నేళ్లు?"

"వచ్చే నెలకు నాలుగు నిండుతాయి."

"మంచిది," అన్నాడాయన. తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని దుప్పటి కింద పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇతను ఉన్నంతసేపూ ఇటు తిరగలేదు.