రిజిస్టరుకెక్కని మాత్రలు

సైన్యంలో మందులిచ్చే ఉద్యోగం చేసినందుకు అతన్ని అందరూ కాంపౌండరనే పిలిచేవారు. రిటైరయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. మనసు వెన్న. ఆ వెన్నే చివరికి కొంప ముంచింది, అదీ తనది కాదు, ప్రాణస్నేహితుడిది.

ఆ స్నేహితుడు సైనిక లారీ డ్రైవరు. నాలుగేళ్లపాటు పొద్దున్నే ఉబ్బిన వేళ్లతో మందుల గదికి వచ్చేవాడు. సిక్ రిజిస్టరులో పేరెక్కితే స్టీరింగ్ చేజారిపోతుందని అతని భయం.

"రాయకురా, నీకు పుణ్యముంటుంది" అనేవాడు.

కాంపౌండరు రాసేవాడు కాదు. గుప్పెట్లో మాత్రలు కుక్కి పంపేవాడు. మేలు చేస్తున్నాననుకున్నాడు, పిచ్చి సన్నాసి.

సర్వీసు ముగిశాక డ్రైవరుకు కీళ్లన్నీ బిగుసుకుపోయాయి. ఒంటిని కాయాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడిందని, కంచే చేను మేసినట్టని డాక్టరు చెప్పాడు. వైకల్య పెన్షనుకు అర్జీ పెడితే తిరిగొచ్చింది. సర్వీసులో ఉండగా ఈ జబ్బు మొదలైనట్టు రికార్డులో ఒక్క ముక్కా లేదట.

డ్రైవరు భార్య కాంపౌండరు ఇంటికొచ్చింది.

"అన్నయ్యా, ఆయనకి చెప్పకుండా వచ్చాను. అప్పీలు విచారణ వచ్చే నెలే. అప్పట్లో మాత్రలిచ్చింది మీరేనని ఒక కాగితం రాసివ్వండి, చాలు."

"చూద్దాంలేమ్మా" అన్నాడు.

రిజిస్టరులో రాయకుండా మందులిచ్చానని ఒప్పుకుంటే తన పెన్షనుకే ఎసరు. రాశాడు, చింపాడు, మళ్లీ రాశాడు. ధైర్యం చేసి కాగితం పట్టుకెళ్లేసరికి విచారణ అయిపోయి రెండు రోజులైంది.

డ్రైవరు గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని టీ తాగుతున్నాడు. కాగితం చదివి నవ్వాడు.

"ఇప్పుడెందుకురా ఇది? నాలుగేళ్లు మందులెవరిచ్చారని అడిగారు. బయట షాపులో కొనుక్కున్నానని సంతకం పెట్టేశా. కొన్న చీటీలు ఏవీ అన్నారు. లేవన్నాను. అప్పీలు కొట్టేశారు."

"అబద్ధమెందుకు చెప్పావురా?"

"నీ పేరెలా చెప్తాన్రా?"

"పై ఆఫీసుకెళ్దాం. ఈ కాగితం చూపిద్దాం."

"చూపిస్తే నేను అబద్ధాలకోరునని నువ్వే సాక్ష్యం చెప్పినట్టు. కూర్చో."

కాంపౌండరు కూలబడ్డాడు. మూడు రోజుల ముందైనా రావాల్సిన మనిషి. నాలుగు తిట్లు తిడితే బాగుండుననిపించింది, ఏడుపొచ్చింది. డ్రైవరు తిట్టలేదు. వంటింటి వైపు తిరిగి భార్యను కేకేశాడు.

"వీడి టీలో చక్కెర వెయ్యకు, షుగరుంది."