బావ కత్తెర చప్పుడు

ఆటల సినిమా చూసి కంటతడి పెట్టుకునే రకం తాను కాదని సెలూన్ నడిమధ్య నిలబడి ప్రకటించాడు డప్పు. మామూలుగా ప్రకటించలేదు. తువ్వాలు జెండాలా ఊపుతూ, అద్దంలో తన బొమ్మకే చెబుతున్నట్టు ప్రకటించాడు.

"ఈ సినిమాలన్నీ ఒకే మూస. ముందు ఓడిపోతారు, తర్వాత వానలో పరిగెడతారు, చివర్లో గెలుస్తారు. దీనికి ఏడుపెందుకు? నా గుండె బండరాయి!"

గోడ మీది టీవీలో అప్పుడే అలాంటి సినిమా ఒకటి మొదలైంది. పరుగుపందెం అమ్మాయి కథ. బండరాయి కాసేపు గట్టిగానే నిలబడింది. ఆ అమ్మాయి పక్కింట్లో అడిగి తెచ్చుకున్న బూట్లకి లేసు కట్టుకోవడం మొదలుపెట్టగానే, ఊగుతున్న జెండా మెల్లగా ముఖం మీదికి వచ్చేసింది.

"ఒరేయ్, ఇంకా పందెం మొదలే కాలేదు," అన్నారు కుర్చీలో గుడ్డ కప్పుకుని కూర్చున్న డ్రిల్లు మాస్టారు.

"కంట్లో షాంపూ పడింది మాస్టారూ."

"సీసా మూత తియ్యకుండానే?"

"ఇది కొత్త రకం. మూతలోంచే పడుతుంది."

మాస్టారు రిటైరై చాలాకాలమైనా వీపు ఇప్పటికీ స్కేలు మింగినట్టే ఉంటుంది. ఆటల సినిమాల మీద ఆయనకీ ఒక అభిప్రాయం ఉంది. "ఒక్క సినిమాలో అయినా ఒళ్లు వేడెక్కించుకోవడం చూపించారా? నిద్ర లేవడం, పరిగెత్తడం! పిక్క పట్టేస్తే ఎవడిది బాధ్యత? డైరెక్టరుదా?" అని నెలనెలా కటింగుకి వచ్చినప్పుడల్లా అడుగుతారు. డైరెక్టర్లెవరూ ఇంతవరకూ ఆ సెలూనుకి రాలేదు కాబట్టి జవాబు దొరకలేదు.

డప్పుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. సొంత డప్పు కొట్టుకోవడం మానడు కాబట్టి అందరికీ ఇదే అలవాటైపోయింది. సెలూను అతని బావది. అందులో డప్పు పని నేల ఊడవడం, తలలు కడగడం, గడ్డాలకి నురగ పట్టించడం. కత్తెర మాత్రం ముట్టనివ్వరు. ఒకసారి ముట్టుకున్నాడు. ఆ కస్టమరు ఇప్పటికీ పక్క వీధిలోంచి చుట్టు తిరిగి వెళతాడు.

అతని అసలు కొలువు ఫోన్‌లో. లోకంలో ఉన్న ప్రతిదాని మీదా అతనికో అభిప్రాయం ఉంది, ప్రతి అభిప్రాయానికీ ఒక వీడియో ఉంది. హిప్ హాప్ మీద ఇలా సెలవిచ్చాడు: "వేగంగా వాగితే అది ర్యాప్ కాదు. కావాలంటే మా అక్క తిట్లు వినండి. మధ్యలో ఊపిరి ఎక్కడ పీలుస్తుందో శాస్త్రవేత్తలకే అంతు చిక్కలేదు." సోషల్ మీడియా మీద ఇంకా ఘాటుగా: "ఇక్కడ ఎవడూ నిజం చెప్పడు. నేను తప్ప."

వీడియోలు చూసేవాళ్లు కూడా ఉన్నారు. అక్క చూస్తుంది, తిట్టడానికి. మాస్టారు చూస్తారు, తప్పులు పట్టడానికి. అలాంటి డప్పు ఒక మధ్యాహ్నం ఏ అభిప్రాయమూ లేకుండా ఉత్త చప్పుడొకటి ఫోన్‌లో పెట్టాడు. కింద "నా సొంత బీటు" అని రాశాడు.

అది కత్తెర చప్పుడు. బావది.

జుట్టు కత్తిరించేవాళ్ల కత్తెర జుట్టుని కోసేది కాసేపే, మిగతాసేపంతా గాలినే కోస్తుంది. వెంట్రుకల్లోకి వెళ్లే ముందు చెవి పక్కన చక్‌చక్‌మని ఆడిస్తూ ఉంటారు. చెవికి ఆ చప్పుడు అలవాటైతే కత్తెర దగ్గరికొచ్చినా కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడరు. బావ ఎప్పుడూ అలాగే ఆడిస్తాడు. ఆడిస్తున్నానన్న సంగతి ఆయనకే తెలియదు. డప్పు ఫోన్ దాచిపెట్టి రికార్డు చేశాడు. దాని కింద రెండు చప్పట్లు కలిపాడు. అంతే అతని కష్టం.

అది పాకింది. మామూలుగా పాకలేదు. బస్సుల్లో పిల్లలు కిటికీ ఊచల మీద కొట్టారు. ఎవరో పెళ్లికూతురు గాజులతో వాయించింది. ఆ తర్వాత గులకరాయి నుంచి మెసేజ్ వచ్చింది.

గులకరాయి అంటే ర్యాప్ పాడే అమ్మాయి. మిగతావాళ్లు పాడితే గోడలు అదురుతాయి. ఆమె గొంతు పెంచదు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే పాడుతుంది, అయినా వింటున్నవాడు తినడం మరిచిపోతాడు. డప్పు ఆమె మీద ఒక్క అభిప్రాయం కూడా చెప్పలేదు. అతను నోరెత్తని విషయం లోకంలో అదొక్కటే.

"అన్నా, నీ బీటు నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి, పక్కకి జారి, మళ్లీ దార్లోకి వస్తుంది చూడు. అది వదలట్లేదు నన్ను. కొత్త పాటకి అదే కావాలి. ఎల్లుండి వస్తున్నా. ఎదురుగా కూర్చుని వాయించు. పాట మీద నీ పేరు వేస్తా," అని ఉంది అందులో.

పాట మీద పేరు! డప్పు ఆ మెసేజ్‌ని నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు, చీపురు పట్టుకుని చదివాడు. గులకరాయి పాట మీద తన పేరుంటే ఇక జన్మలో ఎవరూ డప్పు అని పిలవరు. అయితే వాయించాలి. అదీ ఆమె ఎదురుగా.

మర్నాడు బావ భోజనానికి వెళ్లగానే కత్తెర తీశాడు. అదే కత్తెర, అదే అద్దం. చప్పుడు మాత్రం గొలుసు ఊడిన సైకిల్‌ది. బావ చేతిని గుర్తు తెచ్చుకుని మోచేయి ఎత్తాడు, భుజం దించాడు, నాలుక బయటపెట్టాడు. సైకిల్ మెట్లు దిగింది. లోపం తనలో ఉండే అవకాశమే లేదు కాబట్టి కత్తెరలోనే ఉందని తేల్చాడు. స్క్రూ వదులుగా ఉంది! ఇప్పుడే బిగిస్తే బావ చేతికి తెలిసిపోతుంది కాబట్టి, ఆ పని రేపటికి వాయిదా వేసి ఎక్కడి కత్తెర అక్కడ పెట్టేశాడు.

ఇక బావ అడ్డు తొలగాలి. గులకరాయి వచ్చే రోజు బ్లేడ్ల పెట్టె తీసి షాంపూ అలమరలో దాచేశాడు.

"బావా, బ్లేడ్లు ఒక్కటీ లేవు."

"నిన్నేగా తెచ్చాను."

"వాడేశాం. నిన్న అందరివీ మొండి గడ్డాలే."

బావ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సగం కటింగులో ఉన్న మాస్టార్ని చూసి, "వచ్చేస్తా మాస్టారూ," అని బజారుకి వెళ్లాడు. మాస్టారు ఒక పక్క పద్ధతిగా, ఒక పక్క పొదలా ఉన్న తలతో కుర్చీలోనే ఉండిపోయారు. డప్పు కత్తెరకి నూనె చుక్క వేసి, స్క్రూ గట్టిగా బిగించాడు.

గులకరాయి వచ్చింది. పొట్టిగా ఉంది. చేతిసంచీలోంచి వేలెడంత రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వేనా అన్నా?"

"నేనే," అన్నాడు డప్పు. గొంతు మాత్రం వేరేవాళ్లదిలా వచ్చింది.

"ఏదీ, వాయించు."

డప్పు కత్తెర అందుకుని గాలిలో ఆడించాడు. ఏమీ వినబడలేదు. ఇంకా గట్టిగా ఆడించాడు. పిల్లి మేజోళ్లు వేసుకుని నడిచినట్టుంది.

"ఇది కాదుగా," అంది ఆమె మెల్లగా.

"ఇవాళ గాలిలో తేమ ఎక్కువ. కత్తెర ముడుచుకుపోయింది."

"ఇనుమా?"

"ఇనుమే. కాకపోతే సున్నితమైన ఇనుము."

మాస్టారు అద్దంలోంచి డప్పు వైపు చూశారు. మీసం కదిలింది.

అంతలో లోపలి గదిలోంచి అక్క గొంతు వినబడింది. "ఒరేయ్! షాంపూల మధ్యన బ్లేడ్లేంటిరా? ఆయన్ని ఎండలో ఎందుకు పంపించావు? ఉండు, ఫోన్ చేసి వెనక్కి రమ్మంటాను!"

బావ వీధి చివర కూడా దాటలేదు. వెంటనే వచ్చేశాడు. బెంచీ మీది కొత్త అమ్మాయి ఎవరి తాలూకో అనుకుని తలూపి, చేతులు కడుక్కుని కత్తెర తీశాడు. రెండుసార్లు ఆడించి ఆగిపోయాడు.

"దీన్ని ఎవరు బిగించారు?"

డప్పు చీపురు అందుకున్నాడు. బావ సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, వెంట్రుకవాసి వదులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఇంకొంచెం వదిలాడు. మళ్లీ విన్నాడు. తర్వాత మాస్టారి తల మీద ఎడమచేతి వేళ్లు ఆనించి పని మొదలుపెట్టాడు.

డప్పు ఆ చప్పుడు ఇన్నేళ్లుగా వింటున్నాడు. నేల ఊడుస్తూ విన్నాడు, టీవీ చూస్తూ విన్నాడు, ఫోన్‌లో అభిప్రాయాలు చెబుతూ దాని మీదే అరిచాడు. ఇవాళ పక్కన మరొక మనిషి ఊపిరి బిగబట్టి వింటుంటే, అతని చెవులు కూడా మొదటిసారి తెరుచుకున్నట్టయింది. చక్, చక్, చకచక్. మెడ దగ్గర గుసగుసలా మొదలై, చెవి వెనక్కి రాగానే చిన్న చిన్న అడుగులేసి, నడినెత్తికి ఎక్కేసరికి గుర్రమై దౌడు తీసింది. కత్తెర జుట్టులోకి దిగినప్పుడు చప్పుడు మెత్తబడుతోంది, గాలిలోకి లేచినప్పుడు మెరుస్తోంది. దువ్వెన మధ్యమధ్యలో టక్కుమని తాళం వేస్తోంది. బావ ముఖంలో మాత్రం ఏమీ లేదు. కూరగాయల సంచీ మోసుకెళుతున్నవాడి ముఖంలా ఉంది.

గులకరాయి పెదాలు కదిలాయి. ఆమె ఎవరికీ వినిపించాలని పాడలేదు, ఆగలేక పాడింది.

"మాట నాది, మూట నాది, మోసే భుజం నాదే,
దారి ఎవరిదంటే చెప్పు, నడిచిన పాదానిదే..."

బావ ఆగలేదు. ఆమె పాడుతున్నది ఆయనకి వినబడిందో లేదో కూడా తెలియదు. కానీ ఆమె గొంతు ఎక్కడ దిగితే కత్తెర అక్కడ ఆనింది. లోపలి గదిలోంచి వచ్చిన అక్క చేతిలో బ్లేడ్ల పెట్టె, నోట్లో తిట్టు రెండూ అలాగే ఉండిపోయాయి. మాస్టారు మామూలుగానే నిటారుగా కూర్చునే మనిషి, ఇంకా పొడుగయ్యారు. డప్పు మోచేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అతనికి ఏ అభిప్రాయమూ తోచలేదు.

కటింగు అయిపోయింది. చప్పుడు ఆగింది. ఫ్యాను తిరుగుతోందన్న సంగతి అందరికీ అప్పుడే తెలిసింది.

"ఆ చెయ్యి ఇదే," అంది గులకరాయి. "కానీ అన్నయ్యా, ఇందులో ఆ జారుడు లేదు." ఫోన్ తీసి డప్పు పెట్టిన బీటు వినిపించింది. "ఇదిగో, ఇక్కడ. ఆగి, పక్కకి వెళ్లి వస్తుంది చూడండి. ఇది వాయిస్తారా?"

బావ తన చప్పుడు తాను వినడం అదే మొదలు. "నేను వాయించడమేంటమ్మా!" అంటూనే ఆమె మాట కాదనలేక కత్తెర గాలిలో ఆడించాడు. డప్పు ఊపిరి బిగబట్టాడు. ఆ జారుడు రాలేదు. అచ్చం గొలుసు ఊడిన సైకిలే.

బావ సిగ్గుపడ్డాడు. "తల లేకుండా ఎలా వస్తుందమ్మా? నేను చేసేదేముంది? తల ఎటు తీసుకెళితే చెయ్యి అటు పోతుంది. మాస్టారి తలకి మాస్టారి చప్పుడు. ఒక్కోళ్లకి ఒక్కోలా వస్తుంది." మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. విన్నాడు. ముఖం విప్పారింది. "ఇది మనవాడి తలే!"

"ఎవరిదీ?"

"ఇదిగో, మా బామ్మర్దిది." బావ డప్పుని మెడ పట్టుకుని దగ్గరికి లాగి నడినెత్తి చూపించాడు. "వీడికి రెండు సుడులు. ఒకటి ఇటు తిరుగుతుంది, ఇంకోటి అటు. తిన్నగా పోతే వెంట్రుకలు లేచి నిలబడతాయి. అందుకే ఇక్కడ ఆగుతా. ఇలా పక్కకి పోతా. మళ్లీ ఇలా వస్తా."

వేలు నెత్తి మీద ఆగింది, జారింది, వచ్చింది. ఫోన్‌లో చప్పుడు కూడా ఆగింది, జారింది, వచ్చింది. ఒక ఊరు ఊరంతా ఊచల మీద వాయించినది తన నెత్తి మీది అడ్డదారి!

అద్దంలో అందరి కళ్లూ డప్పు మీదే ఉన్నాయి.

"అయితే అన్నా," అంది గులకరాయి, "నీ జుట్టు నువ్వే కత్తిరించుకుంటూ వాయించావా?"

"అలవాటే," అన్నాడు డప్పు. నోరు తన పాటికి తాను పోతోంది. "చిన్నప్పటి నుంచీ చెయ్యి వెనక్కి పెట్టి..."

"పాట మీద ఎవరి పేరు వెయ్యమంటావు?"

డప్పు నోరు తెరిచాడు. అద్దంలో బావ కనబడ్డాడు. ఆయనకి కోపం రాలేదు. ఎవరు ఎవరిని మోసం చేశారో కూడా ఆయన బుర్రకి ఎక్కినట్టు లేదు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, అప్పుడే పుట్టిన బిడ్డని చూసినట్టు చూస్తున్నాడు.

"మన చప్పుడు పాటలోకి పనికొస్తుందంటావా అమ్మా?" అని అడుగుతున్నాడు.

డప్పు తెరిచిన నోటిలోంచి అబద్ధం రాలేదు. ఇలా జరగడం అతనికే కొత్త.

"బావ పేరు వెయ్యండి," అన్నాడు. "చెయ్యి బావది. నేనిచ్చింది తల ఒక్కటే, అది కూడా అక్క చెవి పట్టుకుని కూర్చోబెడితే. ఫోన్ గుడ్డ కింద ఒళ్లో పెట్టుకున్నా. స్క్రూ బిగించింది నేనే. బ్లేడ్లు దాచింది నేనే. ఆ వీడియో కింద 'అన్నా, నువ్వు మామూలోడివి కాదు' అని మొదట రాసింది కూడా నేనే, మూడు దొంగ పేర్లతో."

"మూడేనా?" అంది అక్క.

"నాలుగు." డప్పు బావ వైపు తిరిగాడు. "రోజూ నీ పక్కనే చీపురు పట్టుకుని తిరిగాను బావా, నాకెప్పుడూ వినబడలేదు. ఫోన్‌లో విన్నాక అన్నం సయించలేదు. అంత బాగుంది. అంత బాగుందనే, నాదని చెప్పేసుకున్నాను."