రెండు కెమెరాలు, ఒక గొర్రె చెవి

భుజానికి ఆపరేషన్ చేసిన డాక్టరు నాకు చెప్పిన మాట ఒక్కటే. "ఆ ఫిరంగి మోయడం ఇక మానెయ్యండి." ఫిరంగి అంటే పదిహేనేళ్లుగా నేను మోసుకు తిరిగిన కెమెరా, దాని ముందు మూరెడు లెన్సు. మార్కాపురం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకునే నాకు పక్షుల ఫోటోలంటే పిచ్చి. జిల్లా పోటీల్లో రెండుసార్లు బహుమతి కూడా వచ్చింది. ఆ సంగతి మా ఇంటికొచ్చిన వాళ్లెవరూ వినకుండా బయటపడలేరని మా ఆవిడ సుధారాణి అంటుంది.

ఇక మిగిలింది బ్రిడ్జ్ కెమెరా. లెన్సు దానికే అతికి ఉంటుంది, మార్చే పని లేదు, బరువు తక్కువ. అలాంటివాటిని ఇన్నాళ్లూ బొమ్మ కెమెరాలని వెక్కిరించినవాణ్ణి నేనే. ఇప్పుడు నోరు మూసుకుని స్టూడియో ప్రభాకరరావు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని జూమ్ ఓ మాదిరి, కానీ లోపల బొమ్మ పడే సెన్సర్ పెద్దది, రంగులూ వివరాలూ బాగా వస్తాయి. రెండోదాని సెన్సర్ చిన్నది, జూమ్ మాత్రం మొదటిదానికి ఐదు రెట్లు.

"చంద్రుడి మీద గుంటలు కనపడతాయి సార్," అన్నాడు. "రేపు ఆదివారమే కదా, రెండూ తీసకపోండి. సోమవారం ఒకటి నాకియ్యండి, ఇంకోటి మీరుంచుకోండి."

బుద్ధి మొదటిదాని వైపు, మనసు రెండోదాని వైపు. ఆ సాయంత్రం డాబా ఎక్కి, ఎదురువీధి నీళ్ల ట్యాంకు మీది కాకి కంటిని రెండోదానితో తీసి, సిగ్గు లేకుండా సంబరపడ్డాను.

ఆదివారం పొద్దున బండి మీద కంభం చెరువుకు పోయాను. మే నెల. నీళ్లు లోపలికి పోయి, బయటపడిన నేలలో పచ్చిక మొలిచి, గొర్రెల మందలు దిగాయి. నాగులు, అతని భార్య నాగవేణి నాకు ఏళ్ల తరబడి తెలుసు. కొంగలు ఏ పక్క వాలాయో వాళ్లే చెబుతుంటారు. ఆ రోజు నాగులు కొంగల ఊసే ఎత్తలేదు.

"చూలుగొర్రె పోయింది సార్, నాలుగు దినాలాయె," అన్నాడు. "రోడ్డు మీద మందలు కలిసినప్పుడు తప్పింది. అదిగో, ఆ ఒడ్డున మా బామ్మర్ది మల్లి మంద. నిన్ననే వచ్చినాడు. దాంట్లో ఉందేమోనని నాకు అనుమానం."

"పోయి చూసుకోవచ్చు కదా."

"అట్ల పోగూడదు సార్," అంది నాగవేణి. "ఒకరి మందలో దూరి గొర్రె చెవి పట్టుకుంటే, ఆ మనిషిని దొంగ అన్నట్టే. వాడు నా తమ్ముడు."

వాళ్లకు గుర్తంతా చెవిలోనే. నాగులు గొర్రెలకు ఎడమ చెవికి రెండు గాట్లు, మల్లివాటికి కుడి చెవికి ఒకటి. పట్టుకోకుండా చూడాలి, అంతే కదా? నా చేతిలో ఐదు రెట్ల జూమ్ ఉంది. నా కెమెరాకు పని దొరికిందని పొంగిపోయి, పెద్ద జూమ్ కెమెరాను స్టాండు మీద బిగించాను. ఆ ఒడ్డున నీళ్లకు దగ్గరగా మేస్తున్న గొర్రె ముఖం తెర నిండా వచ్చింది. ఇంకా లాగాను. చెవి వచ్చింది. ఎండకు గాలి కాస్త వణుకుతోంది కానీ, ఎడమ చెవి మీద రెండు గాట్లు స్పష్టంగా ఉన్నాయి.

"నీదే నాగులూ! అనుమానమే లేదు," అన్నాను, పరీక్ష ఫలితాలు ప్రకటించినట్టు.

నాగులు తెర వంక చూసి, కర్ర తీసుకుని నీళ్ల అంచు పట్టుకుని నడిచాడు. నాగవేణి పిలిచినా ఆగలేదు. నేనేమో ఘనకార్యం చేసినవాడిలా ఫ్లాస్కులో టీ పోసుకుని, పనిలో పనిగా మొదటి కెమెరాతో అదే గొర్రెను తీశాను. పోల్చి చూడాలి కదా! ఎంత లాగినా గొర్రె మొత్తం కనిపిస్తోంది తప్ప చెవి దగ్గరికి రాదు. రంగులు మాత్రం భలే వచ్చాయి. మెడ దగ్గర ఏదో ఆకుపచ్చగా ఉంది.

"ఏంది సార్ అది?" అంటూ నాగవేణి తెర మీదికి వంగింది. మరుక్షణం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, పేలిక కట్టినాడు సార్! నా తమ్ముడు పేలిక కట్టినాడు!"

తప్పి వచ్చిన గొర్రె మెడకు గుడ్డపేలిక కడతారట. ఇది మాది కాదు, ఎవరిదో వాళ్లు వచ్చి తోలుకుపోండి అని దానర్థం. అప్పుడు చెవి చూడాల్సిన పనే లేదు. ఆ పేలిక పెద్ద జూమ్‌తో నేను చూపించిన చెవికి జానెడు కింద ఉంది. నేనే దాన్ని తెరలోంచి తోసేశాను.

మల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మందను కుక్కకు వదిలేసి నాగవేణి బండెక్కింది. కట్ట చుట్టూ తిరిగి, బురద దగ్గర బండి పడేసి పరిగెత్తాం. మేం చేరేసరికి నాగులు చేతిలో గొర్రె చెవి ఉంది. నోటి నుంచి దొంగ అన్న మాట కూడా వచ్చేసింది. చుట్టూ నలుగురు కాపర్లు నిలబడి ఉన్నారు.

మల్లి అరవలేదు. కూర్చుని పేలిక ముడి విప్పాడు.

"నీకు కనపడాలనే నీళ్ల పక్కకు తోలినా బావా. పొద్దున్నుంచి నీ దిక్కే చూస్తన్నా."

"సార్ చెవి చూపించినాడు," అన్నాడు నాగులు. పేలిక వంక ఇప్పుడే చూస్తున్నాడు.

అందరూ నా వైపు చూశారు. నా జీవితంలో అంత సిగ్గుపడింది లేదు. మల్లి పేలికను మడిచి అక్క చేతిలో పెట్టి, తన మందను తోలుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పెద్ద జూమ్‌ను తిరిగి ఇచ్చేశాను. ప్రభాకరరావుకు ఆశ్చర్యం.

"అంత దూరం లాగేది వదులుకుంటారా సార్? వద్దనుకుంటే జూమ్ తగ్గించుకోవచ్చు కదా."

తగ్గించుకోవచ్చు. తప్పు కెమెరాది కాదు. కానీ చేతిలో ఉంటే నేను చివరిదాకా లాగకుండా ఉండను. నా సంగతి నాకు తెలుసు.

వారం తర్వాత పేలిక ఉన్న ఫోటోను ప్రింటు వేయించి కంభం తీసుకెళ్లాను. గొర్రె ఈనింది, పిల్ల తల్లి పొట్ట కింద దూరి పాలు తాగుతోంది. నాగులు ఫోటోను చాలాసేపు చూశాడు.

"మల్లి ఇంటికి రావడం మానేసినాడు సార్. నాగవేణి నాతో మాట్లాడటం మానేసింది."

"నన్ను క్షమించు నాగులూ."

"నాకు కాదు సార్ చెప్పాల్సింది, మల్లికి." ఫోటోను చొక్కా లోపల పెట్టుకుని లేచాడు. "నేనొక్కణ్ణే పోలేకపోతన్నా. నువ్వు గూడా రా. నువ్వు గూడా చెప్పాల."

కెమెరాను నాగవేణి చేతికిచ్చి, అతని వెంట నడిచాను.